నాటాల్‌లో మా రోజులు, చివరి నెలలు

(ఒడిశాలోని పర్లాకిమిడిలో ఆదివారం సాయంత్రం ఆరాధన అయ్యాక జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ వందనాలు. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మా వీధివాళ్ళు, నాతో పనిచేసిన మాస్టర్లు, మన సంఘం కానివాళ్ళు కూడా చాలామంది వచ్చారు. సంతోషం. ఇవాళ నేను వాక్యం చెప్పడం లేదు, కాబట్టి ఎవరూ మొహమాటపడక్కర్లేదు.

దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో మిషన్ పని ముగించుకుని మేం తిరిగొచ్చిన దగ్గర్నుంచి అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. సింహాన్ని చూశారా? ఎంతమందికి బాప్తిస్మం ఇచ్చారు? సింహాన్ని చూడలేదు. కోతుల్ని చూశాం. కిటికీలోంచి వంటింట్లోకి చెయ్యి పెట్టి అరటిపళ్ళు పట్టుకుపోయాయి, మహేంద్రగిరి కోతులకేం తీసిపోవు. ఇక బాప్తిస్మాలంటారా, నేను పాస్టర్ని కాను. రిటైరైన లెక్కల మాస్టర్ని. మా ఆవిడ రిటైరైన నర్సు. ఇదిగో, ముందు వరసలో కూర్చుంది. నేను ఏదైనా ఎక్కువ చేసి చెప్తే అక్కడే ఖండిస్తుంది, భయం లేదు.

మా పక్కింటి పిన్ని ఒక్కతే వేరే ప్రశ్న అడిగింది. "అది సరేగానీ బాబూ, అక్కడ పొద్దున లేచి ఏం చేసేవారు?" అని. నాకు ఆ ప్రశ్న నచ్చింది. ఇవాళ దానికే జవాబు చెప్తాను. పొద్దున లేచి ఏం చేశామో, చివరికి ఆ పని ఎలా వదిలి వచ్చామో చెప్తాను. ముఖ్యంగా ఎలా వదిలి వచ్చామో.

ముందు, అంతదూరం మనవాళ్ళు ఎందుకున్నారో తెలియాలి కదా. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్‌ రేవు చేరింది. చెరకు తోటల్లో పనికి కూలీలను తీసుకెళ్ళిన మొదటి ఓడ అది. 1911 దాకా అలా ఓడలు పోతూనే ఉన్నాయి. మొత్తం 1,52,184 మంది వెళ్ళారని లెక్క. వాళ్ళలో ఎక్కువమంది మద్రాసు ప్రెసిడెన్సీవాళ్ళే. అప్పుడు మన ఊరున్న గంజాం జిల్లా ఎక్కడుంది? మద్రాసు ప్రెసిడెన్సీలోనే. 1936 దాకా మనమూ అందులోనే ఉన్నాం. విశాఖపట్నం జిల్లా, గంజాం జిల్లా, రెండు చోట్ల నుంచీ మనుషులు వెళ్ళారు. ఇప్పటికీ అక్కడి సమాధుల మీద చూడండి, అప్పల్సామీ, అప్పల్రాజు, సిమాద్రి. ఇంగ్లిషు అక్షరాల్లో రాసి ఉంటాయి. ఆ పేర్లు చూసి ఏ ఊళ్ళవాళ్ళో మీరు చెప్పలేరా? నేనైతే స్మశానంలో నిలబడి, మన సింహాచలం మెట్ల దగ్గరున్నానా అనుకున్నాను.

అలా వెళ్ళినవాళ్ళలో తెలుగు బాప్టిస్టులు ఉన్నారు. మాకొక బోధకుణ్ణి పంపండని ఇక్కడికి ఉత్తరం రాశారు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు భార్యాపిల్లలతో ఓడెక్కారు. ఆయనా బడిపంతులే. అందుకని నాకు ఆయనంటే కాస్త పక్షపాతం. స్టాంగర్ ఊరి దగ్గర కెర్స్‌నీ అని ఒక టీ తోట ఉండేది. అక్కడి కూలీలతో ఆయన మొదటి సంఘం మొదలుపెట్టారు. 1915లో పోయారు. తిరిగి రాలేదు.

ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. అప్పటి మిషనరీ వెళ్తే తిరిగి రావడం అనే మాట ఉండేది కాదు. మేం వెళ్ళినది అలా కాదు. వీసా మీద తేదీ ఉంది. ఫలానా రోజుకి వచ్చెయ్యాలి అని తెలిసే వెళ్ళాం.

ఇప్పుడు అక్కడివాళ్ళకి బోధకులు కావాలా? అక్కర్లేదు. వాళ్ళ పాస్టర్లు వాళ్ళకున్నారు, ఇంగ్లిషులో బ్రహ్మాండంగా చెప్తారు. మన కంటే బాగా చెప్తారు, నిజం ఒప్పుకోవాలి. మరి మమ్మల్ని ఎందుకు పిలిచారు? పెద్దవాళ్ళ కోసం. పిల్లలు డర్బన్‌కో జోహన్నెస్‌బర్గ్‌కో ఇంకా దూరానికో పోయారు. 1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం ఏ జాతివాళ్ళు ఎక్కడుండాలో గీత గీసి, చాలా కుటుంబాలను అప్పటికే ఒకసారి చెదరగొట్టింది. మిగిలిన ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి కూర్చునే మనుషులు కావాలి. తెలుగు కీర్తనలు పాడేటప్పుడు పక్కన ఉండే మనుషులు కావాలి. దానికి కుర్రాళ్ళు పనికిరారు. కుర్రాళ్ళు అయిదు నిమిషాలు కూర్చుని ఫోను చూస్తారు. మాలాంటి వాళ్ళే కావాలి, తొందర లేనివాళ్ళు.

పొద్దున లేవడం

మేమున్నది స్టాంగర్‌లో. ఇప్పుడు క్వాదుకూజా అంటారు. డర్బన్‌కి ఉత్తరాన 70 కిలోమీటర్లు ఉంటుంది. చుట్టూ చెరకు. సంఘంవాళ్ళు చర్చి వెనక రెండు గదులు ఇచ్చారు. తిండి, బట్ట, బస్సు ఖర్చు అంతా మా పెన్షన్ల మీదే. ఎవరి దగ్గరా జీతం తీసుకోకూడదు, ఆ వీసా షరతు అదే.

డిసెంబరులో అక్కడ అయిదు గంటల లోపే తెల్లారిపోతుంది. జూన్‌లో దాదాపు ఏడయితేగానీ సూర్యుడు రాడు. అంతా మనకి తలకిందులు, క్రిస్మస్‌కి చెమటలు, జూన్‌లో స్వెట్టర్లు. లేవగానే నేను టీ పెట్టేవాణ్ణి. అవునండీ, నేనే. నవ్వకండి. మా ఉద్యోగాలు ఉన్నన్నాళ్ళూ నేను ఒక ఊళ్ళో, ఆవిడ కొండ మీద ఆసుపత్రిలో. సెలవులకి కలిసే సంసారం మాది. రిటైరయ్యాక కూడా నేను వీధి అరుగు మీద, ఆవిడ పెరట్లో. అక్కడికి వెళ్ళాక రెండు గదులు, ఒక బల్ల, ఇరవైనాలుగు గంటలు. అరుగు లేదు, పెరడు లేదు. మొదట్లో గిన్నెల దగ్గర గొడవలు, కిటికీ తియ్యాలా వెయ్యాలా అని గొడవలు. అప్పుడు ఒక ఒప్పందానికి వచ్చాం. పొద్దున వంటిల్లు నాది, సాయంత్రం ఆవిడది. ఆవిడ వంతు వేళల్లో నేను సలహా ఇవ్వకూడదు. అంతే కదా? అవునంటోంది. చూశారా, తల ఊపుతోంది.

కరెంటు సంగతి చెప్పాలి. మేం వెళ్ళిన 2023లో అక్కడ లోడ్ షెడ్డింగ్ ఘోరంగా ఉండేది. అయితే మనలాగ ఎప్పుడు పోతుందో తెలియక కూర్చోవడం కాదు. ఫలానా పేటకి ఫలానా గంటకి పోతుందని ఫోనులో ముందే వస్తుంది. దాన్ని బట్టి అన్నం ఎప్పుడు వండాలో, ఎవరింటికి ఎప్పుడు వెళ్ళాలో చూసుకునేవాళ్ళం. మీటరు కూడా ముందే డబ్బు కట్టే మీటరు. దుకాణంలో డబ్బిస్తే 20 అంకెల నంబరు ఇస్తారు, అది మీటర్లో నొక్కాలి. లెక్కల మాస్టర్ని కాబట్టి ఆ పని నాకు అప్పగించారు.

బట్టలు ఉతకడానికి గాలి చూసుకోవాలి. చెరకు కోసే ముందు తోట తగలబెడతారు. ఎండాకు కాలి నల్లటి నుసి గాల్లో లేచి ఊరంతా పడుతుంది. మా ఆవిడ తెల్లచీరలు ఎన్నిసార్లు రెండోసారి ఉతికిందో ఆవిడకే తెలుసు.

తిండికి ఇబ్బంది లేదు. కరివేపాకు ప్రతి ఇంటి ముందూ ఉంటుంది. తోటకూరని అక్కడ హెర్బ్స్ అంటారు, ఎవరింటికి వెళ్ళినా పప్పు, హెర్బ్స్, అన్నం. డబ్బా చేపలు టమాటాతో కూర వండుతారు, టిన్ ఫిష్ అని, దానికి వాళ్ళు ప్రాణం ఇస్తారు. జూన్, జులైలో సార్డీన్ చేపలు గుంపులు గుంపులుగా ఒడ్డు దాకా వస్తాయి. ఊరు ఊరంతా బుట్టలు పట్టుకుని సముద్రానికి పరుగు. గోపాలపూర్ వలలు చూసినవాళ్ళకి కూడా అది కొత్తే.

తొమ్మిదింటికి బయల్దేరేవాళ్ళం. అక్కడ టాక్సీ అంటే చిన్న వ్యాన్. దాంట్లో డబ్బులు వెనక సీటు నుంచి చేతులు మారుతూ ముందుకి వస్తాయి. ముందు సీట్లో కూర్చున్నవాడు లెక్కపెట్టి, చిల్లర వెనక్కి పంపాలి. తెల్లజుట్టు చూసి గౌరవంగా నన్ను ముందు కూర్చోబెట్టేవారు. గౌరవం కాదది, కండక్టరు ఉద్యోగం! అక్కడి జులూ భాషలో అంకెలు నేర్చుకున్నది ఆ సీట్లోనే.

ఇక ఇళ్ళు. ప్రతి ఇంటికీ ఇనప గేటు, కిటికీలకి ఊచలు, ఒక కుక్క. గేటు బయట నిలబడి పిలవాలి. లోపలున్న ముసలావిడ తాళాలు వెతుక్కుని, నడిచి వచ్చి, తియ్యడానికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ ఓపిగ్గా నిలబడాలి. ఇదే మా సువార్త పని అనుకోండి. లోపలికి వెళ్ళాక ఆవిడ మాట్లాడుతుంది, మేం వింటాం. 2022 ఏప్రిల్ వరదల గురించి, అంతకు ముందు ఏడాది అల్లర్ల గురించి, పోయిన భర్త గురించి, ఫోన్ చెయ్యని కొడుకు గురించి. ఈ చివరిది అన్ని దేశాల్లోనూ ఒకటే.

అక్కడి మనవాళ్ళలో షుగరు చాలా ఎక్కువ. మా ఆవిడకి చేతులు ఊరుకుంటాయా? కాని ఆ దేశంలో ఆవిడకి నర్సు రిజిస్ట్రేషన్ లేదు. మందు చెప్పకూడదు, సూది వెయ్యకూడదు. వెయ్యలేదు కూడా. మాత్రలు వేళకి వేసుకున్నారా అని అడిగేది, కాళ్ళకి పుండు ఉందేమో చూసేది, ఉంటే క్లినిక్కి వెంటబెట్టుకు వెళ్ళేది. ఆవిడ అక్కడివాళ్ళతో ఒక మాట అనేది, "చెయ్యి పట్టుకుని కూర్చోడానికి లైసెన్సు అక్కర్లేదు కదమ్మా" అని.

నెల మొదట్లో ఎవరింటికీ వెళ్ళేవాళ్ళం కాదు. పెన్షన్ రోజులు. 60 దాటిన పేదవాళ్ళకి ప్రభుత్వం నెలకి రెండు వేల పైచిలుకు రాండ్లు ఇస్తుంది. ఆ రోజు ముసలివాళ్ళందరూ క్యూలోనే. మన ఒడిశా ప్రభుత్వం పెద్దవాళ్ళకిచ్చే మధుబాబు పెన్షన్ రోజు పంచాయితీ ఆఫీసు ఎలా ఉంటుందో అలాగే. మేమూ ఆ క్యూలో వాళ్ళతో నిలబడితే సరిపోతుందని తర్వాత తెలిసింది, అలాగే చేశాం.

మన పెన్షన్ గురించి కూడా చెప్తాను, ఎందుకంటే మీలో వెళ్దామనుకునేవాళ్ళు ఉంటారు. నవంబరు వస్తే మనం బతికున్నామని కాగితం ఇవ్వాలి కదా. విదేశంలో ఉంటే ఎలా అని నాకు అక్టోబరు నుంచే టెన్షన్. డర్బన్‌లో మన కాన్సులేట్ ఉంది. పాస్‌పోర్టు, పెన్షన్ కాగితం తీసుకుని వెళ్తే సంతకం, ముద్ర వేసి ఇస్తారు. ఆ కాగితం ఇక్కడికి పంపాం. వెళ్ళేవాళ్ళు ఇలాంటివి ముందే చూసుకోండి. ప్రార్థన చెయ్యండి, లైఫ్ సర్టిఫికెట్ కూడా పెట్టండి. రెండూ కావాలి.

సాయంత్రాలు కీర్తనలు. గురువారం పెద్దవాళ్ళు చర్చిలో చేరేవారు. వాళ్ళ పుస్తకాల్లో తెలుగు కీర్తనలు ఇంగ్లిషు అక్షరాల్లో చేత్తో రాసుకుని ఉంటాయి. అమ్మమ్మలు రాసినవి, కాగితం పసుపు పచ్చగా అయిపోయింది. తెలుగు మాట్లాడరు, పాడతారు. రాగం మాత్రం తప్పరు. వాళ్ళు పాడేవాటిలో పురుషోత్తమ చౌధరి గారివి ఉన్నాయి. ఆయన 1803లో పుట్టింది ఎక్కడో తెలుసు కదా? మన పర్లాకిమిడి పక్కనే. ఆ సంగతి నేను చెప్పేసరికి ఒకావిడ లేచి, మా వూరివాడివా నువ్వు అన్నట్టు నా భుజం మీద చెయ్యి వేసింది. నాకు ఆయనతో ఏ చుట్టరికమూ లేదు! అయినా ఆ వారమంతా నా గౌరవం పెరిగింది.

హిందువుల ఇళ్ళకీ వెళ్ళాం. అక్కడ తెలుగువాళ్ళ సభ ఒకటి, ఆంధ్ర మహాసభ, 1931 నుంచి ఉంది. ఉగాది పచ్చడికి పిలిచారు, వెళ్ళాం, తిన్నాం. వెళ్ళొచ్చా అని ఇక్కడి నుంచి ఒకరు ఫోనులో అడిగారు. ముసలివాళ్ళని పలకరించడానికి మేం వెళ్ళాం. ఆ ముసలావిడ ఏ గుడికి వెళ్తుందో గేటు దగ్గర అడగలేదు.

ముగించడం

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు తీసుకుంటాను.

మిషన్‌కి వెళ్ళడం గురించి మన సంఘాల్లో బాగా మాట్లాడతాం. పంపేటప్పుడు ప్రార్థన, దండ, ఫొటో. ముగించడం గురించి ఎవరైనా మాట్లాడగా విన్నారా? నేను వినలేదు. కొందరు వెళ్ళి, తామే లేకపోతే నడవనట్టు అన్నీ తమ చుట్టూ కట్టుకుంటారు. తిరిగొచ్చిన మర్నాడు అక్కడ తాళం పడుతుంది. ఇక్కడేమో ఆల్బమ్ చూపిస్తారు. అలాంటి మిషన్ మీద నాకు మంచి అభిప్రాయం లేదు. నొచ్చుకునేవాళ్ళు నొచ్చుకోండి.

మా ఇద్దరిలో దీని గురించి ముందు ఆలోచించింది నేను కాదు. ఆవిడ. ఇంకా ఆరు నెలలుందనగా ఒక రాత్రి అంది, "ఆసుపత్రిలో డ్యూటీ దిగేటప్పుడు ఏం చేస్తాం? తర్వాతి నర్సుని ప్రతి మంచం దగ్గరికి తీసుకెళ్ళి, ఈవిడకి ఇది, ఆయనకి అది అని చెప్పి దిగుతాం. చెప్పకుండా దిగితే తెల్లారేసరికి ఎవరో ఒకరికి మందు తప్పుతుంది. మనం ఇప్పటి నుంచే అప్పగించడం మొదలుపెట్టాలి" అని. ఆరు నెలల ముందా అన్నాను. అవునంది.

ఒక నోట్‌బుక్ తయారు చేశాం. ఇంటికొక పేజీ. ఎవరున్నారు, ఏ మాత్రలు, కొడుకు నంబరు ఏది, గేటు దగ్గర ఎంతసేపు ఆగాలి, కుక్క కరుస్తుందా, ఏ విషయం ఎత్తకూడదు. ఈ చివరిది చాలా ముఖ్యం. ఒకాయన దగ్గర తమ్ముడి పేరు ఎత్తకూడదు, ఒకావిడ దగ్గర డర్బన్ ఇల్లు అమ్మిన సంగతి ఎత్తకూడదు. ఇలాంటివి ఏ చర్చి రిజిస్టర్లోనూ ఉండవు.

తర్వాత మనుషులు. అక్కడి సంఘం నుంచి ఇద్దరు దొరికారు. ఒకావిడ పోస్టాఫీసులో పనిచేసి రిటైరయింది, ఇంకొకడు కాలేజీ కుర్రాడు. కుర్రాళ్ళు పనికిరారని ఇందాక అన్నాను, వీడు తప్ప అని చేర్చుకోండి. మొదట మాతో పాటు వచ్చేవారు, మేం మాట్లాడితే వాళ్ళు వినేవారు. కొన్నాళ్ళకి వాళ్ళు మాట్లాడేవారు, మేం మూల కూర్చునేవాళ్ళం. ఆ తర్వాత మేం గేటు బయటే. చివరికి మేం వెళ్ళడమే మానేశాం, ఊళ్ళో ఉండి కూడా.

ఊళ్ళో ఉండి మానెయ్యడం ఎంత కష్టమో తెలుసా? నేను ఇప్పటికీ చెప్పలేను. పెద్దవాళ్ళకి కోపం వచ్చింది. "ఇంకా విమానం ఎక్కలేదు కదా, అప్పుడే మర్చిపోయారా?" అని ఒకావిడ ఫోన్ చేసి మరీ తిట్టింది. ఇంకొకావిడ కొత్తవాళ్ళకి గేటు తియ్యనంది. వారాలు తియ్యలేదు. నేను వెళ్ళొస్తాను, ఒక్కసారి, అని బయల్దేరాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. "నువ్వు వెళ్తే వాళ్ళు ఇంక ఎప్పటికీ లోపలికి వెళ్ళలేరు" అంది. ఆ రోజు మా ఇంట్లో మాటల్లేవు, టీ కూడా ఎవరిది వాళ్ళే పెట్టుకున్నాం. ఆ పోస్టాఫీసు ఆవిడ మాత్రం వారం వారం వెళ్ళి గేటు బయట నిలబడి, ఓ కీర్తన పాడి వచ్చేసేది. చివరికి గేటు తెరుచుకుంది. పాట రాగం తప్పుగా పాడుతున్నావని చెప్పడానికి తీసిందట!

కీర్తనల గురువారం కూడా అలాగే. నేను చదివి రికార్డు చేసి, వాట్సాప్‌లో పెట్టాను, అవి వాళ్ళ దగ్గర ఉన్నాయి. ఇక్కడికి వచ్చాక, వీడియో కాల్‌లో మీరే నడిపించండి మాస్టారూ అని అడుగుతున్నారు. మనకీ వాళ్ళకీ మూడున్నర గంటల తేడా, వాళ్ళ సాయంత్రం అయిదంటే మనకి ఎనిమిదిన్నర. కుదరక కాదు, బాగా కుదురుతుంది. నేనే వద్దన్నాను. పండగకి పలకరిస్తాను, పుట్టినరోజుకి ఫోన్ చేస్తాను. గురువారం మాత్రం వాళ్ళదే.

ఇక సామాను. మేం కొన్నదంతా అక్కడే పంచేశాం. ప్రెషర్ కుక్కరు చర్చి వంటింటికి, రగ్గులు మాకు టీ పోసే జులూ అమ్మాయి ఇంటికి, హీటరు ఆ కాలేజీ కుర్రాడికి. మీటర్లో మిగిలిన యూనిట్లు తర్వాత వచ్చేవాళ్ళకి. వీడ్కోలు భోజనాలు ఎన్ని పెట్టారో, మా ఆవిడకి షుగరు పెరిగింది, అందరికీ జాగ్రత్తలు చెప్పిన మనిషికి! ఎయిర్‌పోర్టుకి ఎవరూ రావద్దన్నాం. అయినా వచ్చారు. సరే, ఆ సంగతి వదిలేద్దాం.

అప్పగించకుండా వెంట తెచ్చుకున్న పని ఒకటుంది. దానికి మీ సాయం కావాలి.

ఓడెక్కిన ప్రతి కూలీ గురించీ ఒక జాబితా ఉండేది. పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ. ప్రతి మనిషికీ ఒక నంబరు. ఆ జాబితాలు డర్బన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మేం ఉన్నామని తెలిసి కొన్ని కుటుంబాలవాళ్ళు తమ ముత్తాతల కాగితాల నకళ్ళు తెచ్చిచ్చారు. ఊరు ఎక్కడుందో చూసి చెప్పండి చాలు అన్నారు. జిల్లా గంజాం అని ఉంటుంది. కాని ఆనాటి గంజాం అంటే బరంపురం నుంచి శ్రీకాకుళం దాకా. ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉండొచ్చు, ఆంధ్రలో ఉండొచ్చు. పైగా రాసిన గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. ఒక కాగితంలో ఊరి పేరులో 'వలస' అని మాత్రం తెలుస్తోంది. మన చుట్టుపక్కల పేరులో వలస ఉన్న ఊళ్ళు ఎన్ని ఉన్నాయి చెప్పండి! నేను లెక్కల మాస్టర్ని, ఊళ్ళ పేర్లు నాకంటే మీలో రెవెన్యూలో చేసినవాళ్ళకి, పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళకి బాగా తెలుస్తాయి.

కాగితాలు ఆ పక్క బల్ల మీద పరిచాం. ఎవరి ముత్తాతో బయటపడితే ఆశ్చర్యపోకండి. టీ తాగుతూ చూడండి, ఏదైనా తడితే పక్కన పెన్సిల్‌తో రాయండి, పెన్ను వద్దు. మెళియాపుట్టి, పాతపట్నం వైపువాళ్ళు తప్పకుండా చూడాలి. గుణుపురం వెళ్ళేవాళ్ళకి బండి టైమవుతోంది, వాళ్ళకి ముందు దారివ్వండి.